రెండువందల పద్నాలుగో కొక్కెం

పౌలీన్ టింకో కుడి బొటనవేలు పక్కకి వంగి ఉండేది. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు కాలర్లు కుట్టినందుకు కొంత వంగింది. ప్రతి శుక్రవారం చర్చి నేలమాళిగలో కూర్చుని పిరోహీల అంచులు నొక్కినందుకు మిగతాది వంగింది. బంగాళదుంప, జున్ను కలిపిన ముద్ద లోపల పెట్టి, కజ్జికాయలా మడిచి, నీళ్ళలో ఉడికించాలి వాటిని. ఆవిడ నొక్కిన పిరోహీ నీళ్ళలో విచ్చుకోవడం మా ఊరు కోల్టర్స్ రన్‌లో ఎవరూ చూడలేదు. ఆవిడ నోరు మాత్రం తేలిగ్గానే విచ్చుకునేది. డజను కొనడానికి వచ్చిన మగవాణ్ణి ఎగాదిగా చూసి, ఇవి ఇంటిదాకా చేరతాయా లేక కారులోనే కానిచ్చేస్తావా అని అడిగేది.

మా ఊరి గ్రంథాలయంలో డొలొరెస్ టీచర్ ఒక పెట్టె పెట్టారు. బొగ్గుగని ప్రమాదంలో పోయినవాళ్ళ స్మారక రాయి మీదున్న ఒక్కో మనిషికి ఒక్కో కాగితాల కట్ట అందులో ఉండాలని ఆవిడ పట్టుదల. ఎమిల్ టింకో కట్ట మాత్రం పదేళ్ళుగా ఖాళీగా పడి ఉంది. దాన్ని నేనే రాయాలని టీచర్ అడిగారు. అడిగారని మర్యాదకి అంటున్నాను, అసలు ఆజ్ఞాపించారు. ఎమిల్ బతికింది ఇరవై నాలుగేళ్ళు. అతని తరవాత అతని భార్య బతికిన నలభై ఏడేళ్ళ సంగతి రాయకపోతే ఆ కట్ట ఇంకో అబద్ధం అవుతుంది. నేను ఆడినవి చాలు. అందుకని పౌలీన్ గురించి రాస్తున్నాను.

నా పేరు వాసిల్ హ్రిట్స్. నలభై ఏళ్ళపాటు ఊళ్ళో అందరూ నన్ను లక్కీ అని పిలిచారు. ఆ పిలుపు నాకు చెల్లదని తెలుసు, అయినా పలికేవాణ్ణి.

గనిలోకి దిగే ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది, దాని మీద ఒక అంకె. దీపాల గదిలో గోడకి పెద్ద చెక్కపలక, దాని నిండా కొక్కేలు. దిగేటప్పుడు బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. నాది రెండువందల పద్నాలుగు. దీపాలు అందించే ముసలాయన మొహాలు చూసేవాడు కాదు, బిళ్ళలే చూసేవాడు.

నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తరవాతి సోమవారం మగ జింకల వేట మొదలవుతుంది. మా పెన్సిల్వేనియా కొండల్లో ఆ రోజు బడులకి సెలవు. పెళ్ళి ముహూర్తాలు పెట్టుకోరు. చావబోయేవాడు కూడా వీలైతే మంగళవారం దాకా ఆగుతాడు. గని కంపెనీకి మాత్రం ఆ సోమవారమంటే ఒళ్ళుమంట, సగం మంది పనికి రారు మరి. 1953లో నోటీసు అంటించారు. ఆ రోజు ఎవడి బిళ్ళ కొక్కెం మీదే ఉండిపోతుందో వాడికి మర్నాటినుంచి పని లేదు అని. మావాళ్ళు తక్కువ తిన్నారా? బిళ్ళ కదలాలన్నారు గాని మనిషి కదలాలని అనలేదు కదా. పనిలేని తమ్ముడి చేతిలోనో, బావమరిది చేతిలోనో బిళ్ళ పెట్టి గనిలోకి పంపి, తుపాకీ భుజాన వేసుకుని అడవికి పోదామని కొందరు మాట్లాడుకున్నారు. నాకు తమ్ముడు లేడు. ఎమిల్ ఉన్నాడు.

ఎమిల్, నేను ఒకే వీధిలో పెరిగాం. ఆ ఏడు జూలైలో మేస్త్రీ ఛాతీ మీద చెయ్యేసి నెట్టినందుకు కంపెనీ అతన్ని తీసేసింది. అప్పట్నుంచీ డెట్రాయిట్ వెళ్ళిపోతా, కార్ల ఫ్యాక్టరీలో చేరతా అని కనపడిన వాడికల్లా చెప్పేవాడు. ఆదివారం సాయంత్రం ఆ విషయం మీదే భార్యాభర్తలిద్దరూ వసారాలో నిలబడి అరుచుకున్నారు. పోతే పో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు అని పౌలీన్ అన్న మాట వరస ఇళ్ళన్నిటికీ వినపడింది. అప్పటికి ఆమెకి ఇరవై రెండు. పెళ్ళయి పద్నాలుగు నెలలు.

సోమవారం తెల్లవారకముందే ఎమిల్ మా వెనక గుమ్మానికి వచ్చాడు. బిళ్ళ ఇచ్చాను, నా గని టోపీ కూడా ఇచ్చాను. అతను టోపీ కళ్ళమీదికి లాక్కుని, ఇంటి దగ్గర చెప్పకుండా వచ్చానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాటని నేను నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్నాను. దాన్ని ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పిన చోటే ఇక్కడ కూడా రాస్తాను.

పదిన్నరకి అడవిలో నా గురికి ఒక జింక పడింది. మోకాళ్ళ మీద కూర్చుని దాని కొమ్ములు పట్టుకుని ఉండగా నేల అదిరింది. ఆ వెంటనే గని సైరన్ మోగింది. జింకని అక్కడే వదిలి కొండ దిగి పరిగెత్తాను. దారిలో తుపాకీ, ఎర్ర వేటకోటు పొదలో దాచాను. దాచాలని తోచింది చూడండి. స్నేహితుడు బతికున్నాడో లేడో తెలియకముందే నా బుర్ర అబద్ధానికి చోటు సర్దుకుంటోంది.

కింద పేలుడు జరిగిందట, గని ముఖద్వారం దగ్గర తాడు కట్టారు. తాడు పట్టుకుని మా అమ్మ గుండెలు బాదుకుంటోంది, నేను అడవికి పోయిన సంగతి ఆమెకి తెలియదు, పలక మీద నా కొక్కెం ఖాళీ. నన్ను చూసి మీద పడిపోయింది. మేస్త్రీ వచ్చి, ఎప్పుడు పైకొచ్చావని అడిగాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు కంపెనీ ఇల్లు పోతుంది. నాన్న అప్పటికే ఊపిరితిత్తుల్లో బొగ్గు నింపుకుని పోయాడు, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు. ఇవన్నీ నిజమే. కాని ఆ క్షణంలో నేను వీటిలో ఒక్కటి కూడా ఆలోచించలేదు, కేవలం భయపడ్డాను. కడుపునొప్పి వచ్చి ఎనిమిదింటికే పైకొచ్చేశానని, బిళ్ళ కింద ఎక్కడో జారిపోయిందని చెప్పాను.

నన్ను తీసేస్తే ఖాళీ కొక్కేలు పదహారు. దొరికిన శవాలు పదిహేడు. పదిహేడోది గుర్తుపట్టే స్థితిలో లేదు. నా బిళ్ళ దాని దగ్గర్లోనే దొరికింది. నా కథకి అది బాగా అతికింది. కంపెనీ ఆఫీసులో పిలిచి ఆ బిళ్ళని నా చేతికి తిరిగి ఇచ్చారు. పదిహేడోవాడు పని వెతుక్కుంటూ వచ్చిన దేశదిమ్మరి అయి ఉంటాడని తేల్చి, స్మశానం అంచున పాతి, పేరులేని కొయ్య శిలువ నాటారు. ఆ రోజు ఇంకో ముగ్గురు కూడా తమ బిళ్ళలు వేరేవాళ్ళకి ఇచ్చారు. వాళ్ళు పంపినవాళ్ళు గనికి రెండో వైపు ఉండి బతికి వచ్చారు. వాళ్ళెవరూ నోరెత్తలేదు. దీపాల ముసలాయన అసలే ఎత్తలేదు.

పౌలీన్ గని దగ్గరికి రానేలేదు. మొగుణ్ణి పనిలోంచి తీసేశారు కదా, ఆమెకి అక్కడేం పని? అలిగి డెట్రాయిట్ పోయాడనుకుంది. గురువారం మా ఇంటికి వచ్చి, నువ్వేమైనా చూశావా అని అడిగింది. అప్పటికి శవాలు మట్టిలో కలిసి ఒక్క రోజయింది. నోరు తెరిచి చెప్పడానికి దేవుడు నాకిచ్చిన అవకాశం అదే.

"సోమవారం పొద్దున్నే పిట్స్‌బర్గ్ బస్సెక్కాడు. నేను చూశాను" అన్నాను.

"నా గురించి ఏమైనా అన్నాడా?"

"ఏమీ అన్లేదు."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. బస్సు అబద్ధం భయం వల్ల ఆడాను, అది నాకు కొంతవరకు అర్థమవుతుంది. ఏమీ అన్లేదని ఎందుకన్నానో మాత్రం ఈ రోజుకీ నాకు బోధపడదు. ఏదో ఒకటి అన్నాడని చెప్పి ఉండొచ్చు. నోట్లో సిద్ధంగా ఉన్న నిజమైన మాటనే చెప్పి ఉండొచ్చు.

ఆ మూడు ముక్కల మీద పౌలీన్ తన జీవితం కట్టుకుంది. మొగుడు వదిలేసిన మనిషి కాబట్టి చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. 1956లో సెలవు పెట్టి డెట్రాయిట్ వెళ్ళి, తొమ్మిది రోజులు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడి, షిఫ్టు దిగే మగవాళ్ళ మొహాలు చూసి వచ్చింది. ఆమెని పెట్టెతో సహా బస్టాండు దగ్గర దింపింది నేనే. బస్సు కదిలేటప్పుడు చెయ్యి కూడా ఊపాను. తిరిగొచ్చాక అక్కడేమైందని ఎవరూ అడగలేదు. అడిగితే తిట్టేదేమో.

1961లో రొట్టెల దుకాణం ఒండ్రెయ్ ఆమెని పెళ్ళాడతానన్నాడు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. ఆదివారాలు ఆమె కోసం గింజల రొట్టె విడిగా తీసిపెట్టేవాడు. ఇద్దరూ కలిసి ఫాదర్ దగ్గరికి వెళ్ళారు. భర్త ఎక్కడో బతికున్నాడు కదా, చూసినవాళ్ళున్నారు కదా, నేనెలా చేయిస్తానమ్మా అన్నాడు ఫాదర్. ఆ చూసినవాళ్ళంటే నేను. ఒండ్రెయ్ రెండేళ్ళు ఆగి, పక్క ఊరి అమ్మాయిని చేసుకున్నాడు. ఆ పెళ్ళి విందుకి పిరోహీలు పౌలీనే నొక్కింది. నేను తిన్నాను.

నేనేం చేశాను ఇన్నేళ్ళూ? పెళ్ళి చేసుకున్నాను. నా భార్యకి కూడా చెప్పలేదు. వేట మానేశాను. పేరులేని ఆ సమాధి చుట్టూ గడ్డి నలభై ఏళ్ళు నేనే కోశాను. లక్కీది ఎంత మంచి మనసు, ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఎండలో చెమటోడుస్తున్నాడు అని ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా కాదనలేదు నేను. కంపెనీ 1962లోనే గని మూసేసి పోయింది. ఆ తరవాత నా ఉద్యోగం తీసేసేవాడు ఎవడూ లేడు. ఇక సాకులు కూడా మిగల్లేదు. మరో ముప్పై ఏళ్ళు ఊరికే చెప్పలేదు.

1993లో ప్రమాదానికి నలభై ఏళ్ళు నిండుతాయని డొలొరెస్ టీచర్ కమిటీ వేశారు. పాత గని దారి దగ్గర జరిగింది రాసి రాష్ట్ర ప్రభుత్వం నాటే నీలం పలక, దాని పక్కన ఊరివాళ్ళ నల్లరాయి. రాయికి కావలసిన డబ్బు ఆడవాళ్ళు పిరోహీలు అమ్మి కూడబెట్టారు. ఆ ఏడాది పౌలీన్ ఒక్క శుక్రవారం కూడా మానలేదు. దీపాల గది పలకని ఎవరి కొట్టంలోంచో వెతికి తెచ్చి తుడిచారు. రాయి మీద కప్పిన ముసుగు తీశాక టీచర్ ఒక్కో పేరు చదువుతారు, ఆ ఇంటివాళ్ళు వచ్చి కొత్తగా చేయించిన బిళ్ళ ఆ కొక్కేనికి తగిలించాలి. మనిషి పైకి వచ్చినట్టు. ముసుగు లాగడానికి నన్ను ఎంచుకున్నారు. చివర్లో నా పాత బిళ్ళ నేనే తగిలిస్తే బావుంటుందన్నారు. బతికి బయటపడ్డవాణ్ణి కదా.

సరే అన్నాను. సరే అనడం నాకు మొదట్నుంచీ వచ్చు.

ముందటి శుక్రవారం చర్చి నేలమాళిగకి వెళ్ళాను, ఎప్పటిలాగే డజను కొనడానికి. బల్ల చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు కూర్చుని నొక్కుతున్నారు. పౌలీన్ చివర కూర్చుని ఉంది, జుట్టుకి వల, మోచేతుల దాకా పిండి.

"ముసుగు లాగేవాడివి, బాగా తిను. చెయ్యి వణికితే ఊరు నవ్వుతుంది" అంది.

తరవాత గొంతు తగ్గించింది.

"ఆ పేరులేని వాడికి బిళ్ళ తగిలించేవాళ్ళు ఎవరూ లేరట. నేను తగిలిస్తానని టీచర్‌తో చెప్పాను. నాకెలాగూ అక్కడ మనిషి లేడు. వాడికీ ఎక్కడో ఒకత్తె ఉండే ఉంటుంది వాసిల్. ఇంకా తిట్టుకుంటూనే ఉండి ఉంటుంది, పాపం."

ఆమె పక్కన ఖాళీ కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు కూడా నాలో ఒక మూల ఇంకా నాలుగు రోజులే, ఓర్చుకుంటే గట్టెక్కుతావు అంటూనే ఉంది. దాని నోరు నొక్కడానికేనేమో, మొత్తం ఒక్క ఊపులో చెప్పేశాను. బిళ్ళ, టోపీ, జింక, ఎర్ర కోటు, లేని బస్సు. ఆమె నా మొహం చూడలేదు. చేతులు ఆగలేదు. పళ్ళెంలో ఇంకా తొమ్మిదో పదో మిగిలున్నాయి, ఒక్కొక్కటే నొక్కి వరసగా పెట్టింది. ఆఖరిది పెట్టాక చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది.

"నా గురించి ఏమైనా అన్నాడా?" అంది.

నలభై ఏళ్ళ కిందట మా గుమ్మంలో అడిగిన ప్రశ్న. అదే గొంతు.

"అన్నాడు. సాయంత్రం మొహం నిండా మసితో గుమ్మంలో నిలబడతానన్నాడు. డెట్రాయిట్‌లో కూడా బొగ్గే ఉందే పౌలీ, అందుకే తిరిగొచ్చేశానని అంటాడట. నవ్వకపోతే చూడు అన్నాడు."

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. వేళ్ళ సందుల్లో ఎండిన పిండి గోటితో గీకి తీసింది.

"ఈ నలభై ఏళ్ళూ రోజూ తిట్టాను వాణ్ణి. పళ్ళు తోముకున్నంత అలవాటుగా తిట్టాను. వాడేమో సాయంత్రానికి ఇంటికి రావాలనుకున్నాడు."

క్షమించమని అడగబోయాను.

"ఆ మాట నోట్లోనే ఉంచుకో. బల్ల అవతలున్న టీచర్ని పిలు. ఇప్పుడు నాకు చెప్పిందంతా మళ్ళీ చెప్పు, గట్టిగా చెప్పు. వీళ్ళందరూ నన్ను మొగుడు వదిలేసినదాన్నిగానే చూశారు, వీళ్ళు వినాలి."

చెప్పాను. బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. పొయ్యి మీద కుండలో పిరోహీలు మరీ ఉడికి విచ్చుకుంటున్నా ఎవరూ లేవలేదు. డొలొరెస్ టీచర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, రాయి చెక్కడం అయిపోయింది పౌలీన్, పదిహేడో వరస పేరు తెలియని ఒకరు అని చెక్కేశారు, నాలుగు రోజుల్లో మార్చడం కుదరదు అన్నారు. రాయి సంగతి తరవాత చూద్దాం, ముందు బిళ్ళ కావాలి నాకు అంది పౌలీన్. ఇంటికెళ్ళి తెచ్చి ఇచ్చాను. గని మూసినప్పట్నుంచీ సొరుగులో ఉన్నా మసి పూర్తిగా వదల్లేదు దానికి. ఆమె దాన్ని తుడవలేదు.

నవంబరు ముప్పైన చలి బాగా ఉంది. ముసుగు అగ్నిమాపక దళం పెద్ద లాగాడు. నన్ను రావద్దంటారేమోనని ఆశపడ్డాను. వెనక నిలబడటానికి వీల్లేదు, ముందు వరసలో అందరికీ కనపడేలా నిలబడాలని పౌలీన్ కబురు పెట్టింది. నిలబడ్డాను. పదహారు పేర్లు చదివారు, పదహారు బిళ్ళలు తగిలించారు. పదిహేడోసారి టీచర్ ఏమీ చదవలేదు. పౌలీన్ నడిచి వెళ్ళి, వంగిన ఆ బొటనవేలితో కొక్కెం వెతుక్కుని, రెండువందల పద్నాలుగో బిళ్ళ తగిలించింది.

"ఎమిల్ టింకో. నా భర్త" అంది.

చప్పట్లు లేవు. ఆ రోజు తరవాత నన్ను ఎవరూ లక్కీ అని పిలవలేదు. ముసలి ఒండ్రెయ్ రోడ్డు మీద ఎదురై నా మొహంలోకి చూసి, తల తిప్పుకుని వెళ్ళాడు. అతను తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. ఎవరి మీదా కేసులు పడలేదు, గని లేదు, కంపెనీ లేదు. రాయి మీద పాత వరస చెరపాలంటే రాయి మొత్తం అరగదీయాలన్నారు. అందుకని దాన్ని ఉంచేసి కిందనే ఎమిల్ పేరు చెక్కారు. కొత్తవాళ్ళు వచ్చి పద్దెనిమిది లెక్కపెడతారు. నీలం పలక మీద పదిహేడు ఉంటుంది. ఏది తప్పని అడుగుతారు. నేను దగ్గర్లో ఉంటే చెప్తాను.

డిసెంబరులో పౌలీన్ ఫోను చేసింది.

"ఇరవై నాలుగున మొదటి చుక్క పొడిచే వేళకి రా. చేతులు ఊపుకుంటూ రా, ఏమీ తేవద్దు."

క్రిస్మస్ ముందురోజు పవిత్ర భోజనానికి మా ఇళ్ళల్లో చనిపోయినవాళ్ళకి ఒక కంచం పెడతాం. బతికున్నవాళ్ళకి ఖాళీ కంచం పెట్టకూడదు, కీడు. పౌలీన్ వాళ్ళమ్మకి, నాన్నకి ఏటా పెట్టేది. నేను బస్సెక్కించినవాడికి నలభై సార్లు పెట్టలేకపోయింది. ఆ రోజు మూడో కంచం ఉంది, పక్కన వెలిగించిన కొవ్వొత్తి. నన్ను దానికి ఎదురుగా కూర్చోబెట్టింది.

"చూస్తూ తిను" అంది.

తిన్నాను. పుట్టగొడుగుల పులుసు, బఠానీలు, తేనెలో ముంచిన వెల్లుల్లి. భోజనానికి ముందు ఇంటి పెద్ద తేనెలో వేలు ముంచి, దీవెనగా అందరి నుదుటా శిలువ గీయాలి. పౌలీన్ తన నుదుటి మీద గీసుకుంది. ఎమిల్ కంచం అంచు మీద గీసింది. తేనె గిన్నె మూసి పక్కన పెట్టింది.

ఎనిమిదేళ్ళు ప్రతి క్రిస్మస్‌కీ పిలిచింది, ప్రతి ఏడూ వెళ్ళాను. మాట్లాడుకునేవాళ్ళం. పులుసు మీద, నా పాత కారు మీద, చర్చిలో కొత్త ఫాదర్ పొట్ట మీద ఆవిడ జోకులు వేసేది, నేను నవ్వేవాణ్ణి. ఎమిల్ చిన్నప్పటి సంగతులు నన్ను అడిగి చెప్పించుకునేది. చివరి రెండేళ్ళు ఆ మసి మాట మళ్ళీ చెప్పమని అడిగేది, ఎమిల్ ఎలా అన్నాడో అలాగే. ఒకసారి నవ్వింది కూడా. వంగిన ఆ బొటనవేలు ఎనిమిది సార్లు తేనెలో మునగడం చూశాను. నా నుదుటిదాకా రాలేదు. నేను అడగలేదు.

2001 ఫిబ్రవరిలో పౌలీన్ పోయింది. ఎమిల్ పక్కనే పెట్టాం. ఆ రెండు సమాధుల గడ్డీ నేనే కోస్తున్నాను, ఇప్పుడు మంచివాడని ఎవరూ అనరు, అదే నయం. క్రిస్మస్ ముందురోజు మా ఇంట్లో వాళ్ళిద్దరికీ రెండు కంచాలు పెట్టి, ఎదురుగా కూర్చుంటాను. తేనె గిన్నె కూడా పెడతాను. రెండు కంచాల అంచులకీ శిలువ గీస్తాను. నా నుదుటికి నేను గీసుకోను.